తాళపత్రాల గదికి కొన్న డీహ్యూమిడిఫయర్: పది నెలల అనుభవం

మాది విజయవాడ సింగ్ నగర్. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు మా కింది వాటాని ముంచేశాయి. మామగారి తాళపత్రాలు, మొత్తం 14 కట్టలు, మేడ మీద బీరువాలో ఉండబట్టి తడవలేదు. తడవలేదు కదా అని ఊరుకున్నాను. దసరా వెళ్లాక బీరువా తెరిస్తే ముక్కిన వాసన, రెండు కట్టల చెక్క పలకల మీద తెల్లగా బూజు. కింది గోడలు ఆరుతూ వదిలిన తేమంతా మెట్ల మీదుగా పైకి చేరింది. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

ముందు ఏసీ వేశాం, రోజూ సాయంత్రం మూడు గంటలు. తర్వాత 450 రూపాయలకి తేమ మీటరు కొని పెడితే తెలిసింది: ఏసీ నడుస్తుంటే 54 శాతం, కట్టేసిన గంటకి 72. తాటాకు తేమ పీల్చి ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. రోజూ ఇలా జరిగితే అంచులు చీలతాయి. తేమ 65 దాటి నిలిచిందంటే బూజు రావడానికి అది చాలు.

మీటరుని కూడా గుడ్డిగా నమ్మకండి. సీసా మూతలో ఉప్పు పోసి, పూర్తిగా కరగకుండా తడి ముద్దయ్యేలా కాసిని నీళ్లు చిలకరించి, మీటరుతో పాటు గాలి చొరని డబ్బాలో రాత్రంతా మూసిపెట్టండి. లోపలి తేమ 75 దగ్గర నిలుస్తుంది. నాది 69 చూపించింది. అంటే ఆ 72 నిజానికి 78 అన్నమాట!

నవంబరులో 17,000 పెట్టి డీహ్యూమిడిఫయర్, అంటే గాలిలోని తేమని నీళ్లుగా లాగే మిషను, తెచ్చాం. రోజుకి 12 లీటర్లు లాగుతుందని డబ్బా మీద రాశారు. ఆ లెక్క 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న గదికి. మా పది బై పన్నెండు గదిలో మొదటి వారం రోజుకి మూడు లీటర్లు వచ్చాయి, తర్వాత ఒకటిన్నర. అయినా పని జరిగింది: తేమ 50, 55 మధ్య కదలకుండా నిలబడింది. ఇంకా తగ్గించే వీలుంది కానీ నేను తగ్గించను. మరీ ఎండితే ఆకు పెళుసై, విప్పబోతే విరుగుతుంది.

గది రెండు డిగ్రీలు వేడెక్కుతుంది. నీటి డబ్బా నిండితే మిషను ఆగిపోతుంది కాబట్టి పైపు బాత్రూములోకి పెట్టించాం. నన్ను బాగా బాధపెట్టింది వేరే: కరెంటు పోయి వస్తే దానంతట అది మళ్లీ మొదలవదు. జులైలో పెళ్లికి గుంటూరు వెళ్లి మూడో రోజు తిరిగొచ్చేసరికి మీటరు, అది తక్కువ చూపించే ఆ ఆరూ కలుపుకుంటే, 74. కొనేవాళ్లు షాపులోనే ప్లగ్గు తీసి పెట్టి చూడండి.

పాత బూజుని ఇది పోగొట్టదు. మాస్కు కట్టుకుని, ఆరుబయట, మెత్తటి బ్రష్షుతో నేనే దులిపాను. పురుగుకీ దీనికీ సంబంధం లేదు. దానికి నిమ్మగడ్డి నూనె వేరే రాయాలి. బీరువాని గోడకి జానెడు దూరం జరిపాను. ఈ పది నెలల్లో కొత్త బూజు రాలేదు. ఐదుకి నాలుగు ఇస్తాను.