పడుకున్న పిల్లను లేపని స్ట్రోలర్

స్ట్రోలర్, అంటే పిల్లలను కూర్చోబెట్టి నెట్టుకెళ్లే చక్రాల బండి, కొనేవాళ్లు ముందు రంగు చూస్తారు, తర్వాత నీళ్ల సీసా పెట్టుకునే స్టాండు ఉందా అని చూస్తారు. నేను ఒక్కటే చూడమంటాను: మధ్యాహ్నం పన్నెండున్నరకు, ఇంటికి దూరంగా ఉన్నప్పుడు, అందులో పిల్ల వెల్లకిలా పడుకుని నిద్రపోగలదా లేదా. మా మనవరాలికి ఏడాదీ ఎనిమిది నెలలు. కూతురూ అల్లుడూ ఉద్యోగాలకు వెళ్లాక పగలంతా మా దగ్గరే ఉంటుంది. నేను ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యాను. చక్రమూ బ్రేకూ ఉన్న వస్తువు ఏదైనా సరే, తలకిందులు చేసి చూస్తే గాని నాకు తృప్తి ఉండదు. మనవరాలి కోసం కొన్న ఈ స్ట్రోలర్‌నూ అలాగే చూశాను. కంపెనీ పేరు రాయడం లేదు. దాదాపు ఇదే నమూనా బండ్లు చాలా పేర్లతో దొరుకుతున్నాయి, పేరుకంటే కట్టుబడి ముఖ్యం. మాకు తొమ్మిది వేల రూపాయలకు కొంచెం తక్కువ పడింది. బరువు ఏడు కిలోలు. పదిహేను కిలోల పిల్లల దాకా పనికొస్తుందని దానిమీద రాసి ఉంది.

ఏడాది దాటాక పిల్లలు పగలు రెండు నిద్రల నుంచి మెల్లగా ఒక్క నిద్రకు వస్తారు. మా పిల్లా అంతే. ఉదయం నిద్ర పోయింది, ఇప్పుడు అన్నం తిన్నాక పడుకునే రెండు గంటలే మిగిలాయి. ఏడాది నుంచి రెండేళ్ల పిల్లలకు పగటి నిద్రతో కలిపి రోజుకు 11 నుంచి 14 గంటల నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. మా పిల్ల రాత్రి తొమ్మిదిన్నర గంటల కంటే ఎక్కువ సేపు నిద్రపోదు. కాబట్టి మధ్యాహ్నం నిద్ర ఎగిరిపోతే లెక్క సరిపోదు. సాయంత్రం ఐదింటికి కళ్లు నులుముకుంటూ పేచీ మొదలవుతుంది. ఆ వేళకు పడుకుంటే రాత్రి పదకొండు దాకా మెలకువే. పెళ్లయినా, ఆసుపత్రి పనయినా, గుడికి వెళ్లినా ఆ రెండు గంటలు ఆమెవి. వాటిని కాపాడటం పెద్దవాళ్ల బాధ్యత అని నా గట్టి నమ్మకం.

ఇక బండి సంగతి. దీనిలో నాకు అన్నిటికంటే నచ్చింది వెనక్కి వాలే ఏర్పాటు. కొన్ని స్ట్రోలర్లలో వీపు పలక పళ్ల చక్రం మీద దిగుతుంది, ఒక్కో పంటికీ టక్కుమంటుంది. కూర్చున్న పిల్లకు కళ్లు మూతలు పడ్డాయి, ఇప్పుడు వాల్చాలి అనుకున్న క్షణంలో ఆ నాలుగు టక్కులు చాలు, నిద్ర చెదిరిపోతుంది. దీనికి పళ్లు లేవు, వెనక ఒక పట్టీ, దానికో క్లిప్పు మాత్రమే ఉన్నాయి. ఎడమ చేత్తో పలకను కింద నుంచి ఆనించి పట్టుకుని, కుడి చేత్తో క్లిప్పు నొక్కితే పట్టీ జారుతుంది. చప్పుడు లేదు, కుదుపు లేదు. దాదాపు పరుపులా చదునుగా వస్తుంది. కూర్చున్న భంగిమలోనే నిద్రపోతే తల ముందుకు వాలి గడ్డం ఛాతీకి ఆనుతుంది, ఊపిరికి అది మంచిది కాదు. అందుకే చదునుగా వాలడాన్ని నేను సౌకర్యంగా కాదు, అవసరంగా చూస్తాను. వాల్చాక కూడా ఐదు పట్టీల బెల్టు తీయను. నిద్రలో పక్కకు తిరిగే వయసు, లేవగానే నిలబడే వయసు.

పైకప్పు మోకాళ్ల దాకా వస్తుంది. దాని మీద లోపలికి తొంగి చూసేందుకు చిన్న కిటికీ ఉంది. ఆ కిటికీ మూతకు వెల్క్రో పెట్టడం మాత్రం ఎవరికి తోచిన ఆలోచనో తెలియదు. ఎత్తిన ప్రతిసారీ పర్రుమంటుంది, పిల్ల ఉలిక్కిపడుతుంది. మా ఆవిడ దాన్ని ఊడదీసి రెండు కుట్లతో టిచ్ బటన్ పెట్టింది, అది కూడా సగం తెరిచే ఉంచుతాం. మరొక మాట. ఎండ పడుతోందని స్ట్రోలర్ మీద చున్నీనో దుప్పటినో కప్పేవాళ్లను మన ఊళ్లో చాలాచోట్ల చూస్తున్నాను. దయచేసి ఆ పని చేయకండి. గాలి ఆడదు, లోపల వేడి చాలా త్వరగా పెరుగుతుంది. పలచటి గుడ్డ అయినా అంతే. నీడలోకి జరపాలి, పైకప్పు దిశ మార్చాలి, లేదంటే బండికి బిగించే చిన్న గొడుగు కొనాలి. పిల్లకు వేడిగా ఉందో లేదో మెడ వెనక చేయి పెడితే తెలుస్తుంది. చెమట తగిలితే చల్లటి చోటికి వెళ్లాల్సిందే.

సీటు గుడ్డ సింథటిక్. హైదరాబాద్ ఏప్రిల్ ఎండలకు వీపంతా తడిసిపోతుంది. పాత నూలు చీర ముక్కను నాలుగు మడతలు వేసి, బెల్టు పట్టీలు వచ్చేచోట కాజాలు తీసి పరిచాం. రోజూ ఉతికి ఆరేస్తాం. కొత్త బండి కొన్నవాళ్లు మొదటి రోజే ఈ పని చేసుకోవాలి.

మేము ఉండేది కూకట్‌పల్లిలో. పగటి నిద్రకు ఈ బండి ఎక్కడ బాగా పనికొచ్చిందంటే, మెట్రోలో. ఆఫీసుల రద్దీ తగ్గాక కూకట్‌పల్లి స్టేషన్‌లో లిఫ్టులో పైకి వెళ్లి ఎల్బీనగర్ వైపు రైలు ఎక్కుతాం. స్ట్రోలర్‌తో ఎస్కలేటర్ ఎక్కకూడదు, లిఫ్టు దగ్గర ఎంత నిలబడాల్సి వచ్చినా సరే. రైలెక్కేటప్పుడు ముందు చక్రాలతో నెడితే ప్లాట్‌ఫారానికీ పెట్టెకూ మధ్య సందులో అవి అడ్డం తిరుగుతాయి. వెనక్కి తిరిగి, పెద్దవైన వెనక చక్రాలను ముందు లోపలికి లాగితే సాఫీగా వస్తుంది. లోపల రెండు చక్రాలకూ బ్రేకు వేసి, హ్యాండిల్ మీద ఒక చేయి ఉంచాలి. రైలు ఆగేటప్పుడు బ్రేకు ఒక్కదాన్నే నమ్మకూడదు. మూసాపేట, భరత్‌నగర్ దాటి ఎర్రగడ్డ వచ్చేసరికి పిల్ల కళ్లు మూతపడతాయి. ఏసీ, సన్నటి ఊపు, ఒకే రకమైన చప్పుడు, ఇంతకంటే మంచి జోల నాకు తెలియదు. స్టేషన్ల పేర్లు చెప్పే ప్రకటనలకు మొదట్లో భయపడ్డాను గాని, అవి కూడా ఆ చప్పుడులో కలిసిపోతాయి. అసెంబ్లీ స్టేషన్‌లో దిగి పబ్లిక్ గార్డెన్స్‌లో చెట్ల నీడన బండి ఆపి, నేను పక్కనే బెంచీ మీద కూర్చుంటాను. మిగతా నిద్ర అక్కడ పూర్తవుతుంది. నిద్రపోతున్న పిల్లను వదిలి టీ కోసమైనా పక్కకు వెళ్లను.

రోడ్డు మీద మాత్రం సంగతి వేరు. ముందు చక్రాలు చిన్నవి, గాలి లేని ఫోమ్ చక్రాలు. పంక్చర్ బాధ లేదు గాని కుదుపు మింగే శక్తి తక్కువ. ఫుట్‌పాత్ మీద చూపులేనివారి కోసం వేసిన బుడిపెల టైల్స్ మీదికి వెళ్తే బండి మొత్తం గడగడలాడుతుంది. గుంతల్లో ముందు చక్రాలు పక్కలకు తిరగకుండా లాక్ వేయాలి, గట్టు ఎక్కేటప్పుడు వెనక్కి తిప్పి లాగాలి. సిటీ బస్సుకు ఇది పనికిరాదు, మడవాల్సిందే. ఆటోకీ అంతే, మడిచి కాళ్ల దగ్గర పెట్టుకోవచ్చు గాని పిల్ల లేచిపోతుంది. దారిలో రెండు మూడు వాహనాలు మారాల్సిన రోజున బండి ఇంట్లోనే ఉంటుంది, నిద్ర నా భుజం మీదే.

ఫంక్షన్ హాల్లో బాగుంది. స్పీకర్లకు దూరంగా, ఏసీ గాలి నేరుగా మొహానికి తగలని మూల చూసి ఆపితే ముహూర్తం వేళ బాజాల్లో కూడా పడుకుంది. ఇంటికి వచ్చాక మాత్రం బండిలోనే ఉంచకుండా మంచం మీదికి మారుస్తాం.

లోపాలు కొన్ని ఉన్నాయి. పలక వాలిస్తే కింద బుట్టలో చేయి పట్టదు, అందుకే డైపరు, పాల సీసా ముందే తీసి హ్యాండిల్‌కు తగిలించకుండా నా భుజం సంచిలో వేసుకుంటాను. హ్యాండిల్‌కు బరువు తగిలిస్తే పిల్ల దిగగానే బండి వెనక్కి పడుతుంది. కాళ్ల దగ్గర పలక పైకి లేవదు, మడమలు వేలాడతాయి. బ్రేకు పెడల్ గట్టిగా ఉంది, చెప్పులతో నొక్కితే వేలు నొప్పి పుడుతుంది. ముందు చక్రం కొన్నాళ్లకు కీచుమంది. కొబ్బరినూనె వేయమని పక్కింటి వాళ్లు చెప్పారు. వద్దు. నూనె దుమ్మును పట్టుకుంటుంది, ఆ దుమ్మే ఇరుసును అరగదీస్తుంది. చక్రం ఊడదీసి, చుట్టుకున్న వెంట్రుకలూ దారాలూ తీసి, పొడిగుడ్డతో తుడిచి సిలికాన్ స్ప్రే కొట్టాను. చప్పుడు పోయింది.

మీరు కొనాలనుకుంటే దుకాణానికి పదికిలోల బియ్యం బస్తా తీసుకెళ్లండి. ఖాళీ బండిని ఎవరైనా ఒక్క వేలితో నెడతారు. బస్తా పెట్టి ఒంటి చేత్తో మలుపు తిప్పండి, చప్పుడు లేకుండా వాల్చండి, బ్రేకు వేసి తోసి చూడండి. దుకాణదారు మొహమాటపెడితే మరో దుకాణానికి వెళ్లండి. లిఫ్టు లేని ఇంట్లో మూడో అంతస్తులో ఉండేవాళ్లు ఇంతకంటే తేలికది చూసుకోవాలి, ఏడు కిలోలు మెట్ల మీద రోజూ మోయడం కష్టం. వాన కవరు దీనితో రాదు, విడిగా కొనాలి. పక్కన గాలి రంధ్రాలు ఉన్నదే తీసుకోండి, వాన ఆగగానే తీసేయండి, ఎండలో అసలు వేయకండి.