ముందే చేసి పెట్టుకునే సరుకుతో వారమంతా వంట: ఏళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

మా పెద్దాడు బడిలో చేరిన ఏడాది ఈ పద్ధతి మొదలుపెట్టాం. ఇప్పుడు వాడు ఇంటర్ చదువుతున్నాడు. ఇద్దరం ఉద్యోగాలకు వెళ్లే ఇల్లు మాది. పొద్దున్న ఎనిమిదింటికల్లా క్యారేజీలు కట్టేయాలి, రాత్రి ఇల్లు చేరేసరికి అందరికీ నకనకలాడే ఆకలి. ఇన్నేళ్లలో ఏది నిజంగా ఆదుకుందో, ఏది వదిలేయాల్సి వచ్చిందో చెప్తాను.

ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను. కూరలు వండి ఫ్రిజ్‌లో దాచుకోవడం కన్నా, కూర వెనకాల ఉండే పని చేసి పెట్టుకోవడం ఎంతో మేలు. పులుసు, పొడి, పిండి, ఉడికిన పప్పు సిద్ధంగా ఉండాలి. పోపు మాత్రం తినే ముందే పడాలి. ఆవాలు చిటపటమని, ఇంగువ, కరివేపాకు వాసన వచ్చిందంటే అది ఆ పూట వంటే. సగం పని ఆదివారం నాడే అయిపోయిందని తినేవాళ్లకి తెలియనే తెలియదు.

అన్నిటికన్నా ఎక్కువ మార్కులు పులిహోర పులుసుకి వేస్తాను. పావుకిలో చింతపండు గింజలు, పీచు తీసేసి, మునిగేంతవరకే వేడినీళ్లు పోసి అరగంట నాననిస్తాను. నీళ్లు ఎక్కువైతే ఆ తడి ఇగిరేదాకా పొయ్యి దగ్గర నిలబడాల్సిందే. చిక్కగా గుజ్జు తీసి, అడుగు మందంగా ఉన్న గిన్నెలో నువ్వుల నూనె, చీల్చిన పచ్చిమిరపకాయలు, కరివేపాకు, పసుపు, ఉప్పు వేసి సన్నసెగ మీద ఉడికిస్తాను. మొదట్లో బాగా చిందుతుంది, మూత ఓరగా పెట్టుకోవాలి. రంగు ముదిరి, గరిటెతో తీస్తే జారకుండా నిలబడి, అంచుల్లో నూనె తేలిందంటే అయినట్టే. చివర్లో చిన్న బెల్లం ముక్క వేసి దింపేస్తాను. పూర్తిగా చల్లారాక గాజు సీసాలోకే ఎత్తాలి. అల్యూమినియం గిన్నెల జోలికి వెళ్లొద్దు, పులుపు లోహాన్ని తినేస్తుంది. పొడి చెంచా వాడితే మా ఫ్రిజ్‌లో రెండు నెలలు ఏ తేడా రాలేదు.

క్యారేజీ రోజున అన్నం పలుకుగా వండి, పళ్లెంలో పరిచి, వేడి మీదే చెంచాడు పచ్చినూనె, కాస్త పసుపు, నాలుగు కరివేపాకు రెబ్బలు వేస్తాను. ఆరాక పులుసు కలిపి, పల్లీలు, శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిరపకాయల పోపు. గుళ్లో ప్రసాదం రుచి కావాలంటే అర చెంచా ఆవపిండి చివర్లో కలపండి. దాన్ని ముందే పులుసులో వేసి ఉంచితే ఘాటు పోతుంది, అందుకే సీసాలో వేయను. ఇంకో లాభం ఏమిటంటే, బెండకాయ పులుసుకో, చారుకో రెండు చెంచాలు ఇందులోంచే తీసుకోవచ్చు. చింతపండు నానబెట్టడం మర్చిపోయామన్న టెన్షన్ ఇక ఉండదు. ఉప్పు మాత్రం చూసి వేసుకోవాలి, సీసాలో ముందే ఉంటుంది కాబట్టి.

రెండోది కందిపొడి. కప్పు కందిపప్పుకి పావు కప్పు శనగపప్పు, పావు కప్పు పెసరపప్పు, గుప్పెడు ఎండుమిరపకాయలు, చెంచా జీలకర్ర, ఉప్పు. పప్పులు దేనికదే వేయించాలి. అన్నీ ఒకేసారి మూకుట్లో పోస్తే కందిపప్పు వేగేలోపు పెసరపప్పు మాడుతుంది. ఒక పలుకు నోట్లో వేసుకుంటే కరకరమని విరగాలి, మధ్యలో పచ్చి తగలకూడదు. ఇక్కడ తొందరపడితే పొడి ఎన్నాళ్లు తిన్నా పచ్చివాసనే. చల్లారాకే మిక్సీలో వేయాలి, మరీ మెత్తగా కాకుండా సన్న రవ్వలా ఉంటే అన్నంలో బాగుంటుంది. వెల్లుల్లి నేను వేయను, దాని తడికి నిల్వ తగ్గుతుంది. వేడన్నంలో నెయ్యి, కందిపొడి, పక్కన పచ్చిపులుసు ఉంటే అన్నానికి తప్ప పొయ్యి వెలిగించే పనే లేదు. దొండకాయ వేపుడు దింపే ముందు రెండు చెంచాలు చల్లినా దాని రుచే వేరు. మా ఇంట్లో నెల తిరిగేసరికి డబ్బా ఖాళీ.

ఉడికిన పప్పు సంగతి చిన్నదే కానీ రోజూ అక్కరకొస్తుంది. కందిపప్పు ఉప్పు వేయకుండా కుక్కర్‌లో ఉడికించి రెండు భాగాలు చేస్తాను. ఒకటి ఆ రోజు టమాటా పప్పుకో, పాలకూర పప్పుకో. రెండోది ఫ్రిజ్‌లోకి వెళ్లి మర్నాడు రాత్రి పప్పుచారు అవుతుంది. రెండు రోజులు దాటనివ్వను.

ఇడ్లీ పిండి అందరికీ తెలిసిందే. గ్లాసు మినప్పప్పుకి రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ. మొదటి రెండు రోజులు ఇడ్లీ, కాస్త పులిశాక ఉల్లిపాయలు, పచ్చిమిర్చి తరిగి వేసి గుంత పొంగణాలు. వాటి కోసమే పిల్లలు పిండి పులిసేదాకా ఎదురుచూస్తారు.

ఉప్పుడు పిండి గురించి మాత్రం గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఈ తరంవాళ్లు దాన్ని మర్చిపోతున్నారు. బియ్యపు రవ్వ దోరగా వేయించి డబ్బాలో పోసి ఉంచుతాను. రాత్రి ఇంటికి రాగానే గుప్పెడు పెసరపప్పు నీళ్లలో వేసి, కాళ్లూ చేతులూ కడుక్కుని వచ్చి పోపు పెడితే చాలు. గ్లాసు రవ్వకి రెండు గ్లాసుల నీళ్లు. నీళ్లు తెర్లాక నానిన పప్పు, రవ్వ వేసి, మూత పెట్టి సన్నసెగ మీద మగ్గనివ్వాలి. అడుగున పట్టే ఎర్రటి మాడుచెక్క కోసం మా ఇంట్లో ఇప్పటికీ గొడవే. పక్కన ఏ ఆవకాయో ఉంటే కూర అడిగేవాళ్లుండరు.

గోంగూర ఎక్కువగా దొరికినప్పుడు ఆకులు కడిగి, ఆరబెట్టి, నూనెలో మగ్గించి, చిన్న డబ్బాల్లో ఫ్రీజర్‌లో పెడతాను. పప్పులోకీ, మటన్‌లోకీ బ్రహ్మాండంగా పనికొస్తుంది. ఎండాకాలంలో కరెంటు కోతలు ఎక్కువ ఉండే చోట మాత్రం ఫ్రీజర్‌ని నమ్ముకోవద్దు. ఒకసారి కరిగిపోయి గది వేడికి వచ్చేసినదాన్ని మళ్లీ గడ్డకట్టించి వాడటం మంచిది కాదు.

ఇక పనికిరానివి. వంకాయలు ముందు రోజే తరిగి పెట్టుకుంటే నల్లబడతాయి, ఉప్పునీళ్లలో వేసినా రాత్రంతా ఉంటే చప్పబడతాయి. బెండకాయలు కడిగి, తుడిచి, కోయకుండా ఉంచుకోవడమే నయం. బంగాళాదుంప కూర ఫ్రీజర్‌లో పెడితే దుంప పిండిపిండి అవుతుంది. కొబ్బరి పచ్చడి ఏ పూటకి ఆ పూటే చేసుకోవాలి. ఉల్లిపాయ, టమాటా మసాలా ముద్ద చేసి పెట్టుకోమని చాలామంది చెప్తారు. అది బాగానే నిలవుంటుంది, కానీ ఏ కూర చేసినా ఒకే రుచి వచ్చేస్తుంది. మా ఇంట్లో దానికి చోటు లేదు. అన్నం మిగిలితే గంటల తరబడి బయట వదిలేయకుండా త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి. లేకపోతే అందులో పెరిగే సూక్ష్మజీవుల విషం మళ్లీ వేడి చేసినా పోదు.

ఈ పద్ధతిలో కష్టం లేదనను. ఆదివారం పూట పొద్దున్నంతా దీనికే పోతుంది. పొడి కొట్టేది ఒకరైతే చింతపండు పిసికేది ఇంకొకరైతేనే సాగుతుంది. మా ఇంట్లో చింతపండు మా ఆయన వంతు, వేయించడం నా వంతు.

డాలస్‌లో ఉన్న మా చెల్లెలు కూడా ఇవే చేసుకుంటుంది. అక్కడ ఇండియన్ స్టోర్లలో ఇడ్లీ రవ్వ, చింతపండు, కందిపప్పు అన్నీ దొరుకుతాయి. చలికాలంలో పిండి పొంగడమే దానికి ఇబ్బందిగా ఉండేది. ఓవెన్ వేడి పెట్టకుండా లోపలి లైటు మాత్రం వేసి, పిండి గిన్నె రాత్రంతా అందులో ఉంచుతుంది. కింద ఒక పళ్లెం తప్పకుండా పెట్టాలంటుంది, పొంగి పోయిన పిండి ఓవెన్‌లో ఎండితే గోకి తీయడం మహా కష్టమట.