ముక్కలైన రోజుల్లో పుస్తకం రాసేవారికి స్క్రివనర్: ఎక్కడ ఆదుకుంటుంది, ఎక్కడ చేతులెత్తేస్తుంది

సొంతంగా రాసుకుని బతికే రచయితకి రోజంతా ఒకే చోట కూర్చునే వీలు ఎప్పుడోగాని దొరకదు. ఇంట్లో రంగుల పని జరుగుతుంటుంది, రాసే బల్ల హాల్లోంచి పడగ్గదిలోకి మారుతుంది, మణికట్టు నొప్పెడుతుంది, డాక్టరు దగ్గర ఒక పూట గడిచిపోతుంది. చివరికి చేతికి మిగిలేది ముప్పావు గంట. అందులోనూ సగం ‘నిన్న ఎక్కడ ఆపాం, ఆ పేరా ఏ ఫైల్లో ఉంది’ అన్న వెతుకులాటకే పోతుంది. స్క్రివనర్ మిగిల్చేది ఆ సగాన్ని. 2007లో మ్యాక్ మీద మొదలైన ఈ సాఫ్ట్‌వేర్‌కి నవలాకారుల పనిముట్టన్న పేరుంది గానీ చరిత్రకీ, జీవితచరిత్రకీ, వ్యాస సంపుటికీ కూడా ఇది బాగా అమరుతుంది. విండోస్‌లో మూడో వెర్షన్ 2021లో వచ్చింది. ఇక్కడ చెప్పేది దాని గురించే.

వర్డ్‌లో పుస్తకమంతా ఒకటే పొడుగాటి చాప. ఇక్కడ ఎడమవైపు బైండర్‌లో ప్రతి ఘట్టమూ విడి పత్రంగా ఉంటుంది, దాన్ని మౌస్‌తో పట్టి పైకీ కిందికీ జరపొచ్చు. ఒక్కో పత్రాన్ని 600 నుంచి 1,000 పదాల లోపు ఉంచితే ముప్పావు గంటలో ఒకటి చదివి, దిద్ది, మూసెయ్యొచ్చు. అధ్యాయం మొత్తాన్ని ఒకే పత్రంలో పెడితే వర్డ్‌లో పడే ఇబ్బందే ఇక్కడా పడాలి. ముందే రాసుకున్న పొడుగు ఫైలుంటే దాన్ని లోపలికి తెచ్చి, విడగొట్టాల్సిన చోట కర్సర్ ఉంచి కంట్రోల్+కె నొక్కితే అక్కడికి రెండవుతుంది. మళ్ళీ అన్నీ కలిపి ఏకబిగిన చదవాలంటే వాటిని ఎంచుకుని కంట్రోల్+1. దిద్దుబాటుకి ముందు కంట్రోల్+5 కొడితే ఆ పత్రం అప్పుడున్నది ఉన్నట్టు స్నాప్‌షాట్‌గా దాగుతుంది. జ్వరంతో కూర్చుని కొట్టేసిన పేరాని వారం తర్వాత వెనక్కి తెచ్చుకోవడానికి ఇంతకన్నా తేలిక దారి లేదు.

కుడివైపు ఇన్‌స్పెక్టర్‌లో నోట్స్ గడి ఉంటుంది. లేచే ముందు రెండు నిమిషాలు దానికే కేటాయించాలి: తర్వాత రాయబోయే వాక్యం, సరిచూడాల్సిన తేదీ, చదవాల్సిన పుట. పత్రం తెరవగానే అది పక్కనే కనిపిస్తుంది. పనివాళ్ళు తలుపు కొట్టి సగంలో లేపేసినా మళ్ళీ దారి దొరుకుతుంది.

లక్ష్యాల లెక్క దగ్గర మాత్రం జాగ్రత్త. ప్రాజెక్ట్ టార్గెట్స్‌లో పుస్తకం మొత్తం పదాలు, గడువు తేదీ, వారంలో రాసే రోజులు ఇస్తే రోజుకెన్ని రాయాలో అదే చెబుతుంది. ఉదాహరణకి 60,000 పదాల పుస్తకంలో 36,000 అయ్యాయనుకుందాం. మిగిలినవి 24,000. ఎనిమిది వారాలు, వారానికి ఐదు రోజులు, అంటే 40 రోజులు, రోజుకి 600. మంచం పట్టి ఒక వారం పోతే మిగిలేది 35 రోజులు, కోటా 686 అవుతుంది. రెండు వారాలు పోతే 800. కోలుకుంటున్న మనిషికి మొదటి రోజే బరువు పెంచి చూపిస్తుందన్న మాట. ఈ లెక్కలో జబ్బుకి చోటు లేదు, మనమే కల్పించాలి. వారానికి ఐదు రోజులు రాయగలిగినా నాలుగే టిక్ చేయాలి. అప్పుడు 32 రోజులకి రోజుకి 750 వస్తుంది. అది మోయలేనంత అనిపిస్తే గడువు తేదీని ఇప్పుడే మార్చాలి, ప్రచురణకర్తతో మాట్లాడాల్సిందీ ఇప్పుడే. ఒంట్లో బాగోలేని వారాల్లో గడువు నుంచి లెక్కగట్టే ఆప్షన్ తీసేసి చేత్తో 150 అని వేసుకోవచ్చు. ఇంకో సంగతి: తెలుగులో విభక్తులూ సంధులూ మాటకి అతుక్కుపోతాయి కాబట్టి ఇంగ్లిష్ రచయితలు చెప్పే రోజుకి వెయ్యి, రెండు వేల పదాల కోటాలు మనకి కొలబద్ద కావు. పదాలకి బదులు అక్షరాల్లో లక్ష్యం పెట్టుకునే వీలూ ఉంది.

రాతలు పోగొట్టుకునేది ఎక్కువగా బ్యాకప్ విషయంలోనే. టైపింగ్ ఆపిన రెండు సెకన్లకే స్క్రివనర్ దానంతటదే సేవ్ చేసుకుంటుంది, కరెంటు పోయినా పోయేది ఒకటి రెండు వాక్యాలే. కానీ బ్యాకప్ తీసేది ప్రాజెక్టుని మూసినప్పుడు. హడావుడిలో ల్యాప్‌టాప్ మూత దించి పక్కన పెట్టేవారి ప్రాజెక్టు పది రోజులైనా మూతపడదు, కొత్త బ్యాకప్ తయారవదు. పైగా మొదట్లో ఉండే సెట్టింగ్ చివరి 5 బ్యాకప్‌లే దాస్తుంది. ఒకే రోజు ఆరుసార్లు తెరిచి మూస్తే నిన్నటిది చెరిగిపోతుంది. అందుకని ఇన్‌స్టాల్ చేసిన రోజే ఆప్షన్స్‌లో బ్యాకప్ పేజీ తెరిచి నాలుగు మార్పులు చేయాలి: సంఖ్య 25కి పెంచడం, ఫైలు పేరులో తేదీ చేర్చడం, చేత్తో సేవ్ చేసిన ప్రతిసారీ బ్యాకప్ తీయమనడం, బ్యాకప్ జిప్ ఫైళ్ళు వెళ్ళే ఫోల్డర్‌ని క్లౌడ్‌కి మార్చడం. ప్రాజెక్టు మాత్రం ల్యాప్‌టాప్‌లోనే ఉండాలి. అది ఒక్క ఫైలు కాదు, వందలాది చిన్న ఫైళ్ళున్న ఫోల్డర్. గూగుల్ డ్రైవ్‌లో ఉంచి నేరుగా అక్కడే పనిచేయొద్దని తయారీదార్లే హెచ్చరిస్తారు. రెండు కంప్యూటర్లలో ఒకేసారి తెరిస్తే పత్రాలు రెండేసి తయారవుతాయి, ఏది కొత్తదో తేల్చుకోవడానికి ఒక పూట పడుతుంది.

ఒళ్ళు నొప్పుల విషయంలో ఇది చేయగలిగింది కొంతే. టైప్‌రైటర్ స్క్రోలింగ్ పెడితే రాస్తున్న వరుస ఎప్పుడూ తెర మధ్యలోనే ఉంటుంది, మెడ కిందికి వంగదు. ఫాంట్ సైజు మార్చకుండా జూమ్‌ని 150 శాతానికి పెంచుకోవచ్చు. ఒత్తులూ గుడులూ స్పష్టంగా కనిపించి కళ్ళకి శ్రమ తగ్గుతుంది. మణికట్టుకి మాత్రం మందు బయట వెతకాలి: ల్యాప్‌టాప్‌ని కంటి ఎత్తుకి లేపే స్టాండు, విడి కీబోర్డు. నొప్పి ఎక్కువున్న రోజున క్రోమ్‌లో గూగుల్ డాక్స్ తెరిచి తెలుగులో చెప్పి రాయించి, ఆ పాఠాన్ని ఇక్కడ అతికించడం నయం. అయితే ఆ డిక్టేషన్ తెలుగులో విరామచిహ్నాలు పెట్టదు. వాక్యం ఎక్కడ ముగిసిందో చెప్పిన రోజే గుర్తుపెట్టుకోకపోతే మర్నాడు అది అర్థంకాని పేరాగా మిగులుతుంది. కాబట్టి ఒక వాక్యం చెప్పడం, ఎంటర్ కొట్టడం, తర్వాతి వాక్యం చెప్పడం.

అన్నిటికన్నా విసిగించేది కంపైల్. చెదురుమదురు పత్రాలన్నిటినీ పుస్తకంగా కూర్చి వర్డ్ ఫైలుగా బయటికిచ్చే మెట్టు ఇది. ఏ పత్రం అధ్యాయమో, ఏది ఘట్టమో ముందు చెప్పాలి, ఒక్కోదానికి లేఅవుట్ అప్పగించాలి. మొదటిసారి రెండు మూడు గంటలు తీసుకుంటుంది. సిద్ధంగా ఉన్న ఫార్మాట్లలో ఇంగ్లిష్ ఫాంట్లుంటాయి. అలాగే వదిలేస్తే తెలుగు అక్షరాలకి కంప్యూటర్ తనకి తోచిన ఫాంట్ తగిలిస్తుంది, వరుసల ఎడం ఎక్కడికక్కడ మారిపోతుంది. కంపైల్ కిటికీలోనే ఫాంట్‌ని నోటో సెరిఫ్ తెలుగు లాంటిదానికి మార్చి, వరుసల ఎడం 1.4కి తగ్గకుండా చూడాలి. బిగించి పెడితే కింది ఒత్తులు తర్వాతి వరుస గుడులకి తగులుతాయి. ప్రచురణకర్త ‘అను’ అనే, యూనికోడ్ కాని పాత తరహా ఫాంట్లలో పేజీలు కట్టేవారైతే యూనికోడ్ నుంచి మార్చేటప్పుడు సంయుక్తాక్షరాలు చెదరొచ్చు, ఒక ప్రూఫు అదనంగా చూడక తప్పదు.

సంపాదకుడికి వర్డ్ ఫైలు పంపాక మాత్రం స్క్రివనర్‌ని పక్కన పెట్టేయడమే మేలు. ఆయన ట్రాక్ ఛేంజెస్‌లో (ప్రతి దిద్దుబాటూ కనబడేలా ఉంచే వర్డ్ సదుపాయం) చేసిన మార్పులు వాటంతటవి ఇక్కడికి రావు. ఆండ్రాయిడ్‌లో ఇది లేదు. ఐఫోన్, ఐప్యాడ్ వెర్షన్ విడిగా కొనాలి. నెలనెలా చందా లేకపోవడం ఆదాయం నిలకడగా లేనివారికి పెద్ద ఊరట. వారానికో కాలమ్ రాసేవారికి, ఇద్దరు కలిసి ఒకే ఫైలు మీద రాసేవారికి గూగుల్ డాక్స్ చాలు. వర్డ్‌లో హెడింగ్ స్టైల్స్ సరిగ్గా వాడి నావిగేషన్ పేన్ తెరిచి పెట్టుకునేవారు కూడా తొందరపడి మారక్కర్లేదు.

కొనే ముందు ట్రయల్ ఉంది. 30 రోజులంటే క్యాలెండర్ మీద రోజులు కావు, స్క్రివనర్ తెరిచిన రోజులే లెక్క. వారానికి రెండే రోజులు వీలైతే పదిహేను వారాలొస్తుంది. మొదటి రోజే అంతా ఎక్కించకుండా మూడు అధ్యాయాలు లోపలికి తెచ్చి, విడగొట్టి, తిరిగి తెలుగు ఫాంట్‌తో వర్డ్‌లోకి కంపైల్ చేసి చూడాలి. ఆ ఫైలు సరిగ్గా వస్తే మిగతా పుస్తకాన్ని తెచ్చుకోవచ్చు.