ప్రయోగశాలా, పరిశోధన క్షేత్రమా: జీవశాస్త్ర విద్యార్థికి ఏది మేలు?

పరిశోధనకు విదేశాలకు దరఖాస్తు చేసే మన జీవశాస్త్ర విద్యార్థుల్లో చాలామంది ప్రయోగశాల పేరు చూస్తారే తప్ప, ఆ విభాగానికి సొంత పరిశోధన క్షేత్రం, అంటే బయట పొలంలో ప్రయోగాలు చేసే చోటు, ఉందో లేదో చూడరు. చూడాలి. రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చడానికి అమెరికాలోని మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయం చక్కని ఉదాహరణ.

ముందు ప్రయోగశాల సంగతి. పరిణామం ఎలా జరుగుతుందో కళ్లారా చూడటానికి జీవశాస్త్రవేత్త రిచర్డ్ లెన్‌స్కీ 1988 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలో 12 ఫ్లాస్కుల్లో ఇ. కోలై బ్యాక్టీరియాను పెంచడం మొదలుపెట్టి, కొన్నేళ్లకు వాటిని మిషిగన్ తీసుకొచ్చారు. రోజూ ప్రతి ఫ్లాస్కులోంచి నూరో వంతు తీసి కొత్త ద్రావణంలో వేయడమే పని. రోజుకు ఆరేడు తరాలు గడుస్తాయి. 500 తరాలకోసారి కొంత నమూనాను మైనస్ 80 డిగ్రీల్లో దాచిపెడతారు. ఈ దాచడంలోనే ఉంది అసలు బలమంతా. దాదాపు 33,000 తరాల దగ్గర ఒక ఫ్లాస్కులోని ద్రావణం ఉన్నట్టుండి మిగతావాటికంటే బాగా మసకబారింది, అంటే అందులో బ్యాక్టీరియా బాగా పెరిగిపోయింది. ఆక్సిజన్ ఉన్నచోట ద్రావణంలోని సిట్రేట్ (నిమ్మ ఆమ్లం నుంచి వచ్చే లవణం)ను వాడుకోలేని ఈ బ్యాక్టీరియా దాన్ని తినడం నేర్చింది! ఇది కేవలం అదృష్టమా? లెన్‌స్కీ ప్రయోగశాలలోని జాకరీ బ్లౌంట్ పాత నమూనాలను ఫ్రీజర్‌లోంచి తీసి మళ్లీ పెంచి చూశారు. 20,000 తరాలు దాటిన నమూనాల్లోనే ఆ గుణం మళ్లీ పుట్టింది, అంతకు ముందరి వాటిలో పుట్టలేదు. అంటే దానికి పునాది ఎప్పుడో పడింది. 2008లో ఈ ఫలితం వెలువడింది. గడిచిన కాలాన్ని వెనక్కి తిప్పి మళ్లీ నడిపి చూడటం ఏ పొలంలోనూ కుదరదు.

ఇక క్షేత్రం. అదే విశ్వవిద్యాలయానికి హికరీ కార్నర్స్‌లో కెల్లాగ్ జీవశాస్త్ర కేంద్రం ఉంది. అక్కడ దీర్ఘకాలిక సాగు ప్రయోగం మొదలైంది కూడా 1988లోనే. ఒక్కో మడి హెక్టారు, అంటే సుమారు రెండున్నర ఎకరాలు. మొక్కజొన్న, సోయా, గోధుమ పంటల మార్పిడి. కొన్ని మడులను దున్నుతారు, కొన్నింటిని దున్నకుండానే విత్తుతారు. దాదాపు ముప్పై ఏళ్ల లెక్కలను 2020లో విశ్లేషిస్తే, దున్నని సేద్యం వల్ల దిగుబడిలో, నేల తేమలో వచ్చే తేడా నిలకడగా తేలడానికి పదిహేనేళ్లయినా పట్టిందని తెలిసింది. మూడు నాలుగేళ్లకే లెక్క కట్టి తీర్పు చెప్పి ఉంటే, అది రైతును తప్పుదారి పట్టించేది. వాన, ఎండ, పురుగు, కలుపు అన్నీ కలిసి పనిచేసేచోట తొందరపాటు ఎంత ప్రమాదమో ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ఇదే విశ్వవిద్యాలయ ప్రాంగణంలో విత్తనాలు మట్టిలో ఎన్నేళ్లు బతుకుతాయో చూడటానికి 1879లో వృక్షశాస్త్రవేత్త విలియం బీల్ పాతిపెట్టిన సీసాల గురించి కూడా చెప్పాలి. 20 సీసాల్లో తడి ఇసుకలో కలుపు విత్తనాలు నింపి, నీరు నిలవకుండా మూతిని కిందికి వాల్చి పెట్టారు. ఒక సీసాను 2021లో తవ్వి తీసినప్పుడు, వెలుగు తగిలి విత్తనాలు మొలకెత్తకుండా చీకట్లో, ఆకుపచ్చ దీపాల వెలుతురులో పనిచేశారు. నూటనలభై ఏళ్లు దాటినా కొన్ని మొలిచాయి. ఇంకా నాలుగు సీసాలున్నాయి. చివరిది 2100లో తీస్తారు.

మరి ఏది మేలు? కారణం తేల్చాలంటే ప్రయోగశాలే. పొరపాటు జరిగితే రేపు మళ్లీ మొదలుపెట్టవచ్చు. పొలంలో అదను తప్పితే ఏడాది పోతుంది. అయినా కొత్త విద్యార్థి మొదటి సీజను క్షేత్రంలోనే గడపాలంటాను నేను. గదిలో మనం వేసిన ప్రశ్నకే జవాబు దొరుకుతుంది. మనకు తట్టని ప్రశ్న దొరికేది బయటే. అయితే ఒక షరతు: ఆ క్షేత్రానికి పాత లెక్కలు ఉండాలి. అవి లేనిచోట అయిదేళ్ల పీహెచ్‌డీలో సొంతంగా పొలం ప్రయోగం మొదలుపెట్టడం సాహసమే. అలాంటప్పుడు ప్రయోగశాలనే ఎంచుకోండి.

ఇంకొకటి. లెన్‌స్కీ బ్యాక్టీరియా 2022లో టెక్సస్‌కు తరలిపోయింది. ఫ్రీజర్ నమూనాలు ఊరు మారగలవు, మడులు మారలేవు. అందుకే చేరేముందు ఆచార్యులకు రాసే ఉత్తరంలో రెండు విషయాలు అడగండి: మీ క్షేత్రం లెక్కలు ఏ ఏడాది నుంచి ఉన్నాయి, మీరు పదవీ విరమణ చేశాక వాటిని ఎవరు చూసుకుంటారు?