విండోస్ డిఫెండర్ మెమరీ ఎందుకు తింటోంది? సమీక్ష, సరిచేసే దారులు

టాస్క్ మేనేజర్‌లో పైవరసన కనిపించే ‘యాంటీమాల్‌వేర్ సర్వీస్ ఎగ్జిక్యూటబుల్’ వైరస్ కాదు. విండోస్‌తో పాటే వచ్చే మైక్రోసాఫ్ట్ డిఫెండర్ పనంతా నడిచేది ఆ ప్రాసెస్‌లోనే. ఇంట్లో వాడే కంప్యూటర్‌కు ఇంతకు మించిన యాంటీవైరస్ డబ్బు పెట్టి కొనక్కర్లేదు. అయితే ఏ ఫైల్ చదువుతోందో, ఎందుకంత మెమరీ పట్టుకుందో సెట్టింగ్స్‌లో ఎక్కడా చెప్పదు. దీనిలోని పెద్ద లోపం అదే.

పని లేనప్పుడు 100 నుంచి 300 ఎంబీ దాకా వాడితే కంగారు పడక్కర్లేదు. స్కాన్ నడుస్తున్నప్పుడు, కొత్త డెఫినిషన్లు (వైరస్‌లను గుర్తుపట్టే సమాచారం) లోడవుతున్నప్పుడు ఇంకా పెరిగి, తర్వాత దిగుతుంది. స్కాన్ ముగిసి చాలాసేపైనా దిగకపోయినా, గంటగంటకూ పెరుగుతున్నా అప్పుడు చూడాలి. టాస్క్ మేనేజర్ డీటెయిల్స్ ట్యాబ్‌లో ‘కమిట్ సైజ్’ (ప్రాసెస్ తనకోసం కేటాయించుకున్న మెమరీ) కాలమ్ పెట్టుకుని గమనించండి. మామూలు మెమరీ అంకెను విండోస్ అవసరాన్ని బట్టి కుదిస్తుంది కాబట్టి, మెమరీ లీక్ (తీసుకున్న మెమరీని తిరిగి వదలని లోపం) ఉందో లేదో దానితో తేలదు.

చాలాసార్లు తప్పు డిఫెండర్‌ది కాదు, దాని ముందుకొచ్చి పడే ఫైళ్లది. పెద్ద జిప్‌లు, ఐఎస్‌ఓలు (డిస్క్ ఇమేజ్ ఫైళ్లు), వర్చువల్ మెషీన్ డిస్కులు, వేల చిన్న ఫైళ్లున్న కోడింగ్ ప్రాజెక్టులు, బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ఇలాంటివే. జిప్ లాంటి ఆర్కైవ్ లోపల ఏముందో చూడాలంటే విప్పక తప్పదు.

ఏ ఫైలో పట్టుకునే సాధనం మైక్రోసాఫ్టే ఇచ్చింది, కానీ విండోస్‌లో కమాండ్లు టైప్ చేసే పవర్‌షెల్‌లో దాచిపెట్టింది. పవర్‌షెల్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, ‘న్యూ-ఎంపీపెర్ఫార్మెన్స్‌రికార్డింగ్’ (New-MpPerformanceRecording) కమాండ్‌కు ‘-రికార్డ్‌టు’ (-RecordTo) తగిలించి, రికార్డింగ్ దాచడానికి ఒక ఈటీఎల్ (.etl) ఫైల్ పేరు ఇవ్వండి. సిస్టమ్‌ను నెమ్మది చేసే పనిని కొన్ని నిమిషాలు చేసి ఎంటర్ కొట్టండి. తర్వాత ‘గెట్-ఎంపీపెర్ఫార్మెన్స్‌రిపోర్ట్’ (Get-MpPerformanceReport) కమాండ్‌కు ఆ ఫైల్ పేరిచ్చి, ‘-టాప్‌ఫైల్స్ 10’ (-TopFiles 10), ‘-టాప్‌ప్రాసెసెస్ 10’ (-TopProcesses 10) అడగండి. ఇది కొలిచేది మెమరీని కాదు, స్కాన్‌కు పట్టిన సమయాన్ని. అయినా ఎక్కువ సమయం మింగే ఫోల్డర్ తెలిస్తే వెతుకులాట సగం తగ్గుతుంది. డిఫెండర్‌లో నిజంగా మెచ్చుకోవలసిన భాగం ఇదే.

ఆ ఫోల్డర్ నమ్మదగినదైతేనే విండోస్ సెక్యూరిటీలో ‘వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్’, అందులో ‘మేనేజ్ సెట్టింగ్స్’, కింద ‘ఎక్స్‌క్లూజన్స్’ (స్కాన్ నుంచి మినహాయింపులు)కు వెళ్లి చేర్చండి. డౌన్‌లోడ్స్, టెంప్ ఫోల్డర్లను, మొత్తం సీ డ్రైవ్‌ను ఎప్పుడూ చేర్చకండి. మాల్‌వేర్ మొదట దిగేది అక్కడే. డిఫెండర్ ప్రాసెస్‌నే మినహాయించమనే సలహా బాగా తిరుగుతోంది, దాన్ని పట్టించుకోకండి. ప్రాసెస్ మినహాయింపు అంటే ఆ ప్రాసెస్ తెరిచే ఫైళ్లను వదిలేయడమే తప్ప, దాని మెమరీకి హద్దు పెట్టడం కాదు.

పని వేళల్లోనే స్కాన్ మొదలవుతుంటే టాస్క్ షెడ్యూలర్‌లో మైక్రోసాఫ్ట్, విండోస్, విండోస్ డిఫెండర్ ఫోల్డర్లు దాటి ‘షెడ్యూల్డ్ స్కాన్’ తెరిచి వేళ మార్చండి. స్కాన్‌లో సీపీయూ వాటాకు మొదటే 50 శాతం పరిమితి ఉంటుంది. దాన్ని తగ్గిస్తే స్కాన్ ఇంకా ఎక్కువసేపు సాగుతుంది, మెమరీ మాత్రం తగ్గదు.

మరో యాంటీవైరస్ వేస్తే డిఫెండర్ తనంతట తాను పక్కకు తప్పుకుంటుంది. చిక్కంతా ఆ రెండో యాంటీవైరస్‌ను సగం తీసేసినప్పుడే. మిగిలిపోయిన దాని ఫిల్టర్ డ్రైవర్ (తెరిచే ఫైళ్లను గమనించే భాగం) ప్రతి ఫైల్‌నూ మధ్యలో ఆపుతుంది. అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో ‘ఎఫ్‌ఎల్‌టీఎంసీ’ (fltmc) కొడితే వచ్చే జాబితాలో పాత కంపెనీ డ్రైవర్ ఉందేమో చూసి, ఆ కంపెనీ ఇచ్చే రిమూవల్ టూల్‌తో తీసేయండి. అయినా తగ్గకపోతే డిఫెండర్ కమాండ్‌లైన్ టూల్ ‘ఎంపీసీఎండీరన్’ (MpCmdRun)తో ‘-రిమూవ్‌డెఫినిషన్స్ -ఆల్’ (-RemoveDefinitions -All), ఆ వెంటనే ‘-సిగ్నేచర్‌అప్‌డేట్’ (-SignatureUpdate) నడపండి. పాడైన డెఫినిషన్లుంటే దీంతో పోతాయి.

టాస్క్ మేనేజర్‌లోని ఎండ్ టాస్క్‌తో డిఫెండర్‌ను ఆపలేరు, అది విండోస్ కాపాడే రక్షిత ప్రాసెస్. రియల్‌టైమ్ ప్రొటెక్షన్ ఆపినా కొంతసేపటికి తనే ఆన్ అవుతుంది. డిఫెండర్‌ను పూర్తిగా ఆపడానికి వాడే ‘డిజేబుల్‌యాంటీస్పైవేర్’ అనే రిజిస్ట్రీ (విండోస్ లోపలి సెట్టింగుల నిల్వ) చిట్కాను 2020 ఆగస్టు అప్‌డేట్ల నుంచి మామూలు కంప్యూటర్లలో విండోస్ లెక్కచేయడం లేదు. 4 జీబీ ర్యామ్ ఉన్న మెషీన్‌లో ఇవన్నీ చేసినా డిఫెండర్ మూల వాడకం అలాగే ఉంటుంది. అక్కడ ర్యామ్ 8 జీబీకి పెంచడమే దారి.