ఆరు వైపుల 'శాండినిస్టా!': ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ

బ్రిటిష్ పంక్ రాక్ బృందం ది క్లాష్ 1980 డిసెంబరులో వెలువరించిన 'శాండినిస్టా!' మూడు రికార్డుల ఆల్బమ్. వైపుకు ఆరు చొప్పున ఆరు వైపుల్లో 36 పాటలు, మొత్తం 2 గంటల 24 నిమిషాల సంగీతం. నేను దీన్ని 2003లో, మాంచెస్టర్‌లో చదువుకుంటున్న రోజుల్లో, పాత రికార్డులు అమ్మే ఒక చిన్న దుకాణంలో కొన్నాను. అప్పటికే ఈ బృందం నాకు ప్రాణం. వాళ్ల మొదటి ఆల్బమ్‌లోని రెండు నిమిషాల పాటలు, ఆ తొందర, ఆ కోపం నాకు కంఠతా వచ్చు. అటువంటి నేను ఈ ఆరు వైపులూ ఒకే ఆదివారం విని, అలసిపోయి, ఇందులో సగం అనవసరమని తీర్మానించుకుని, నచ్చిన 15 పాటలను ఒక గంట క్యాసెట్‌లోకి ఎక్కించుకున్నాను. దాదాపు ఇరవై ఏళ్లపాటు నాకు 'శాండినిస్టా!' అంటే ఆ క్యాసెట్టే. గత ఏడాది హైదరాబాద్‌లో ఇంటికి టర్న్‌టేబుల్ తెచ్చుకున్నాక అట్టపెట్టెలోంచి ఆ మూడు రికార్డులనూ బయటికి తీసి, రోజుకు ఒక వైపు చొప్పున రెండు నెలలకు పైగా విన్నాను. ఈ సమీక్ష ఆ వినికిడిలోంచి వచ్చినదే. నా క్యాసెట్ తప్పు అని చెప్పడానికే దీన్ని రాస్తున్నాను.

ఇంత పెద్ద ఆల్బమ్ ఎలా వచ్చిందో కొంత చెప్పాలి. 1979 చివర వచ్చిన 'లండన్ కాలింగ్'ను ఈ బృందం రెండు రికార్డులుగా చేసి ఒక రికార్డు ధరకు అమ్మించింది. మరుసటి ఏడాది మూడు రికార్డులు చేసి, వాటిని బ్రిటన్‌లో 5.99 పౌండ్లకే ఇవ్వాలని పట్టుబట్టింది. అందుకు బదులుగా మొదటి 2 లక్షల ప్రతుల మీద తమకు రావలసిన రాయల్టీని వదులుకుంది. నికరాగువాలో 1979 జులైలో సొమోజా నియంతృత్వాన్ని కూల్చిన శాండినిస్టాల పేరే ఆల్బమ్‌కు పెట్టారు. రికార్డు కేటలాగ్ సంఖ్య కూడా 'ఎఫ్‌ఎస్‌ఎల్‌ఎన్ 1'. అవి ఆ విముక్తి సంస్థ స్పానిష్ పేరులోని పొడి అక్షరాలు. రికార్డింగ్ మాంచెస్టర్, కింగ్‌స్టన్, న్యూయార్క్, లండన్ నగరాల్లో జరిగింది. బయటివాళ్లెవరినీ నిర్మాతగా పెట్టుకోకుండా బృందమే ఆ బాధ్యత తీసుకుంది. వద్దని చెప్పే మనిషి గదిలో లేకపోవడం ఈ ఆల్బమ్‌కు బలమూ అయింది, బలహీనతా అయింది. రెగె, డబ్, ర్యాప్, జాజ్, గాస్పెల్, కలిప్సో, వాల్ట్జ్, ఫిడేలు పాట, ఏది తోస్తే అది వాయించారు. డ్రమ్స్ వాయించే టాపర్ హెడన్ ఒక పాట పాడాడు, బేస్ గిటార్ వాయించే పాల్ సిమనన్ ఒకటి పాడాడు, బృందానికి మిత్రుడైన టైమన్ డాగ్ తన పాటను తానే పాడుకున్నాడు.

మొదటి పాట 'ది మాగ్నిఫిసెంట్ సెవెన్' గురించి అందరికీ తెలుసు కనుక క్లుప్తంగా చెబుతాను. న్యూయార్క్ వీధుల్లోంచి ర్యాప్ రికార్డులకెక్కి ఇంకా ఏడాదైనా నిండని కాలంలో, 1980 ఏప్రిల్‌లో, లండన్ నుంచి వచ్చిన గిటార్ల కుర్రాళ్లు దాన్ని పట్టుకోగలగడం విశేషం. సిమనన్ ఆ సమయంలో సినిమా చిత్రీకరణకు వెళ్లి ఉండటంతో బేస్ గిటార్ వాయించింది నార్మన్ వాట్-రాయ్. ఆ బేస్ ఒక్కటే పాటను మొదటినుంచి చివరివరకూ భుజాన మోస్తుంది. ఉదయం ఏడింటికి అలారం మోగి డ్యూటీకి పరుగెత్తే కూలి మనిషి దినచర్య అది. మధ్యలో దుకాణానికి వచ్చిన మార్క్స్ జేబు ఖాళీగా ఉంటే ఎంగెల్స్ చిల్లర సర్దుతాడు. ఈ పాట నా క్యాసెట్‌లోనూ మొదటిదే.

ఇక నేను చేసిన పెద్ద తప్పుకు వస్తాను. మొదటి వైపు చివర 'సమ్‌థింగ్ అబౌట్ ఇంగ్లండ్' అనే పాట ఉంది. దేశంలోని కష్టాలన్నిటికీ వలస వచ్చినవాళ్లే కారణమని జనం అనుకునే మాటలతో అది మొదలవుతుంది. వలస వెళ్లిన విద్యార్థిగా, రాత్రి షిఫ్టు ముగించుకుని చివరి బస్సులో గదికి వెళుతూ ఆ మొదటి మాటలు విన్నప్పుడు నాకు ఒళ్లు జలదరించిన సంగతి నేటికీ గుర్తుంది. ఆ తర్వాత కథ చెప్పే యువకుడికి వీధిలో మురికి కోటు వేసుకున్న ఒక ముసలివాడు ఎదురవుతాడు. బృందంలోని ఇద్దరు ప్రధాన గాయకుల్లో యువకుడి మాటలను మిక్ జోన్స్, ముసలివాడి మాటలను జో స్ట్రమ్మర్ పాడతారు. మొదటి ప్రపంచయుద్ధం తప్పిపోయినా దాని దుఃఖం తప్పని మనిషి, ముప్పైలనాటి ఆకలి, రెండో యుద్ధం, అందరూ ఇళ్లకు తిరిగి వచ్చాక మళ్లీ యథాప్రకారం యజమానులు, నౌకర్లు. నాలుగు నిమిషాలైనా పట్టని పాటలో అర్ధశతాబ్దపు ఇంగ్లండ్ చరిత్ర నడుస్తుంది. బాకాలూ పియానో పాత నాటకశాలల బాణీలో సాగుతుంటే, స్ట్రమ్మర్ గొంతు మాత్రం ఆ ముసలివాడి శ్వాసలా ఆగి ఆగి వస్తుంది.

దీన్ని నేను క్యాసెట్‌లో ఉంచుకుని, ఐదో వైపున ఉన్న 'మెన్స్‌ఫర్త్ హిల్' అనే ముక్కను రెండోసారి వినకుండానే కొట్టేశాను. తలాతోకా లేని మోత అనుకున్నాను. అది ఈ పాట టేపునే వెనక్కి తిప్పి, దాని మీద కొన్ని శబ్దాలు చేర్చి చేసినదని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. తెలిసి విన్నప్పుడు ఆ మోత అంతా మారిపోయింది. ముసలివాడు చెప్పిన చరిత్ర వెనక్కి నడుస్తున్నట్టు, మాటలు చెదిరి గాలిలో కలిసిపోతున్నట్టు అనిపించింది. దాన్ని మంచి పాట అని నేను అనను. కానీ మొదటి వైపు వినని మనిషికి అది చెత్త, విన్న మనిషికి ఒక జ్ఞాపకం. ఏరుకుని వింటే పోయేది ఇదే. ఈ ఆల్బమ్‌లో ఒక వైపున నాటింది మరో వైపున మొలుస్తుంది. ఆరో వైపున ఇద్దరు చిన్నపిల్లలు పాడే 'కెరీర్ ఆపర్చునిటీస్' కూడా అటువంటిదే. 1977లో స్ట్రమ్మర్ గొంతు చించుకుని పాడిన నిరుద్యోగుల పాటను, కీబోర్డు వాయించిన మికీ గాలఘర్ కొడుకులు బడిలో పద్యం అప్పజెప్పినంత శ్రద్ధగా పాడతారు. మొదటి ఆల్బమ్ తెలిసినవాడికి ఆ లేత గొంతులు గుండెలో గుచ్చుకుంటాయి, ఎందుకంటే ఆ కొలువుల కోసం రేపు వరుసలో నిలబడవలసింది వాళ్లే.

నాలుగో వైపు ఈ ఆల్బమ్‌కు ఆయువుపట్టు. ఎడ్డీ గ్రాంట్ రాసిన 'పోలీస్ ఆన్ మై బ్యాక్' పాటతో, సైరన్‌లా కూసే గిటార్‌తో అది మొదలవుతుంది. అమెరికాలో 1980లో మళ్లీ తెచ్చిన సైనిక నమోదు మీద రాసిన 'ది కాల్ అప్' దాటాక 'వాషింగ్టన్ బులెట్స్' వస్తుంది. చెక్కపలకలను కొట్టి వాయించే మరింబా చప్పుడు పిల్లలు ఆడుకునే బొమ్మలా గలగలమంటుంది. దాని మీద కింగ్‌స్టన్ వీధిలో కాల్చివేతకు గురైన పద్నాలుగేళ్ల కుర్రవాడు, 1973లో చిలీ రాజధాని శాంటియాగోలో, స్టేడియంలో చిత్రహింసలు పెట్టి చంపిన గాయకుడు విక్టర్ హారా, క్యూబా మీద జరిగిన బే ఆఫ్ పిగ్స్ దాడి, ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఆ మరింబా ఎందుకంత తేలికగా ఉందో మొదట్లో నాకు అర్థం కాలేదు. ఇప్పుడు మాత్రం అంత తేలికైన వాద్యం లేకపోతే అన్ని శవాల బరువును ఒక పాట మోయలేదని అనిపిస్తోంది. స్ట్రమ్మర్ అక్కడితో ఆగకుండా అఫ్ఘానిస్తాన్‌లోని మాస్కో తూటాలను, టిబెట్‌లో చైనా చేసినదాన్ని, బ్రిటిష్ కిరాయి సైనికులను కూడా అదే గొంతుతో నిలదీస్తాడు. ఒక పక్షం వహించి కూడా రెండో కన్ను మూసుకోకపోవడం ఆయన మీద నాకున్న గౌరవానికి ప్రధాన కారణం. నికరాగువా విప్లవంలో అమెరికా ఈసారి వేలు పెట్టలేదని సంబరపడే చరణం ఒక్కటే ఇప్పుడు వినడానికి బాధగా ఉంటుంది. రికార్డు వచ్చిన మరుసటి నెలలోనే రీగన్ అధ్యక్షుడయ్యాడు, ఆ తర్వాత అమెరికా డబ్బుతో, శాండినిస్టాల మీద తిరగబడిన కాంట్రాల యుద్ధం ఏళ్ల తరబడి సాగింది.

ఆ వైపు చివరి పాట 'బ్రాడ్‌వే'. న్యూయార్క్‌లో వర్షం పడుతున్న రాత్రి, ఒకప్పుడు బాక్సింగ్ చేసిన నిలువనీడ లేని మనిషి తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు పాట మొదలవుతుంది. పియానో, సన్నటి డ్రమ్స్, అంతే. క్రమక్రమంగా ఆ గొణుగుడు పెరిగి, పూనకం వచ్చినట్టు మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తాయి. అంతా అయిపోయిందనుకున్నాక పియానో తోడుగా గాలఘర్ చిన్న కూతురు, 'లండన్ కాలింగ్'లోని 'గన్స్ ఆఫ్ బ్రిక్స్‌టన్' పాటను ముద్దుముద్దుగా పాడుతుంది. పాడుతూ పాడుతూ ఇక చాలని మానేస్తుంది. నా క్యాసెట్‌లో ఈ పాపను కత్తిరించి, 'బ్రాడ్‌వే'ను స్ట్రమ్మర్ గొంతు దగ్గరే ముగించాను. ఇప్పుడు ఆ ముగింపు లేకుండా ఆ పాటను ఊహించుకోలేను.

మా తాతయ్య షేక్ నాజర్ బుర్రకథ చూసిన రాత్రుల గురించి చెప్పేవారు. కథకుడు వీరరసం పండిస్తుంటే ఒక పక్క వంత హాస్యం ఆడేవాడు, రెండో పక్క వంత ఆనాటి రాజకీయం విప్పేవాడు, కథ తెల్లవారేదాకా సాగేది, మధ్యలో పిల్లలు నిద్రపోయి లేచేవారు. ఎవరూ దాన్ని గంటకు కుదించమని అడగలేదు. అటువంటి కళ పుట్టిన చోటినుంచి వచ్చిన నేను, ఒక రాత్రి సాగే ఆల్బమ్‌ను బస్సు ప్రయాణానికి సరిపోయేట్టు కోసుకున్నందుకు ఇప్పుడు నిజంగా విచారిస్తున్నాను.

అలాగని అన్నిటినీ మెచ్చుకోలేను. 'జంకీ స్లిప్' ఒక ఆలోచన దగ్గరే ఆగిపోయిన పాట. 'ది లీడర్' పాటలో కొంటెతనం ఉంది కానీ మళ్లీ వినబుద్ధి కాదు. ఆరో వైపు చాలావరకు పాత పాటల డబ్ రూపాలే. జమైకాలో డబ్ అంటే పాటలోంచి గొంతును తొలగించి, బేస్‌ను, డ్రమ్స్‌ను ముందుకు తెచ్చి, ప్రతిధ్వనులతో అదే పాటను ఖాళీ ఇల్లులా మళ్లీ చూపించడం. ఈ ఆల్బమ్‌కు డబ్ రూపాలు చేసిన జమైకా కళాకారుడు మైకీ డ్రెడ్ ఆ విద్యలో ఆరితేరినవాడు. 'వాషింగ్టన్ బులెట్స్'కు డబ్ రూపమైన 'సిలికోన్ ఆన్ సఫైర్'లో కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటున్నట్టు ఉండటం బాగుంది. అయినా ఆరు పాటల వైపు నిండా ఇదే ఉంటే నాలుగో పాటకు నా మనసు వంటింట్లోకి వెళ్లిపోతుంది. రెండు నెలల్లో ఆరో వైపును నేను మిగతావాటిలో సగంసార్లు కూడా వినలేదు. పెద్ద స్పీకర్ల మీద, రాత్రి పూట, మరే పనీ పెట్టుకోకుండా వింటే అది కొంత మెరుగు, ఇయర్‌ఫోన్లలో మాత్రం వెలవెలబోతుంది.

కొనేవారికి రెండు మాటలు చెప్పాలి. సీడీలుగా వచ్చినప్పుడు ఇది రెండు డిస్కులైంది, డిస్కుకు 18 పాటలు. ధ్వనికి లోటేమీ లేదు కానీ ప్రతి ఆరు పాటలకూ లేచి రికార్డు తిప్పే విరామం పోతుంది. ఈ ఆల్బమ్‌కు ఆ విరామం చాలా అవసరం, ఎందుకంటే ఒక్కో వైపు దాదాపు పాతిక నిమిషాల ప్రత్యేక కార్యక్రమంలా కూర్చబడింది. ఫోనులో వినేవారైనా ఆరేసి పాటలకు ఒకసారి ఆపుకుని వినడం మంచిది. పాత ప్రతి కొనేటట్టయితే లోపల 'ఆర్మగిడియన్ టైమ్స్' అనే పత్రిక ఉందో లేదో తప్పక చూడండి. స్టీవ్ బెల్ గీసిన కార్టూన్ల మధ్య పాటల సాహిత్యం అంతా అందులో ఉంది. నాకు అమ్మిన ప్రతిలో అది లేదు, ఉందని చెప్పే అమ్మారు. చాలా మాటలను ఏళ్ల తరబడి తప్పుగా విని, ఒక మిత్రుడి ప్రతి చూశాక దిద్దుకున్నాను. ఐదో వైపు మొదట్లో గీత కూడా ఉంది, టైమన్ డాగ్ ఫిడేలు ఒకే చోట మూడుసార్లు తూలుతుంది.

మొదటిసారి వినేవారిని నాలుగో వైపుతో మొదలుపెట్టి, ఆ తర్వాత ఒకటి, రెండు, మూడు వైపులు వినమంటాను. మూడో వైపున 'అప్ ఇన్ హెవెన్'ను ప్రత్యేకంగా వినాలి. అమ్మమ్మతో కలిసి ఎత్తైన ప్రభుత్వ అపార్ట్‌మెంట్‌లో నివసించిన మిక్ జోన్స్ ఆ ఇళ్లను గురించి పాడిన పాట అది. ఐదో వైపును చివరికి ఉంచుకోండి, దాని ముగింపు పాట 'ది స్ట్రీట్ పరేడ్' కోసం. దుఃఖంలో ఉన్న మనిషి ఊరేగింపులో కలిసిపోయి కనిపించకుండా పోవాలనుకుంటాడు, బాకాలు దూరం నుంచి వస్తున్నట్టు వినిపిస్తాయి, గొంతు నెమ్మదిగా ఆ జనంలోకి జారిపోతుంది. నా క్యాసెట్‌లో ఈ పాట లేదు. ఈ రెండు నెలల్లో అన్నిటికంటే ఎక్కువసార్లు విన్నది దీన్నే.