ఖరీదైన వాషర్, డ్రైయర్: డబ్బు దేనికి పోతోంది?

వాషర్ విషయంలో నా మాట సూటిగా చెప్తాను, ఉతుకు శుభ్రతలో మామూలు మెషిన్‌కీ ఖరీదైనదానికీ మీరనుకున్నంత తేడా ఉండదు. మరక పోవాలంటే డిటర్జెంట్, నీటి వేడి, నానే సమయమే ముఖ్యం. మరి ఎక్కువ డబ్బు దేనికంటే, లోపలి కట్టుబడికి. చాలా చవక మెషిన్లలో టబ్‌ని అతికేసి సీల్ చేస్తారు, బేరింగ్ అరిగితే టబ్ మొత్తం మార్చాలి, ఆ ఖర్చు చూసి జనం కొత్తదే కొనేస్తారు. ఖరీదైన మెషిన్లు చేసే జర్మన్ కంపెనీ మీలే (Miele) తన మెషిన్లను 20 ఏళ్ల వాడకానికి సమానంగా పరీక్షిస్తామంటుంది. రోజూ ఉతికే పెద్ద కుటుంబానికి అది పనికొచ్చే మాటే. వారానికి రెండు లోడ్లు వేసేవాళ్లకి మాత్రం దండగ.

డ్రైయర్‌లో కథ వేరు. హీట్ పంప్ రకం వేడి గాలిని బయటికి వదిలేయకుండా మళ్లీ మళ్లీ వాడుకుంటుంది కాబట్టి పాత రకంతో పోలిస్తే కరెంటు సుమారు సగమే, వేడి తక్కువ కాబట్టి బట్టలు కూడా తొందరగా పాడవవు. కాకపోతే టైం ఎక్కువ తీసుకుంటుంది, ఫిల్టర్ శుభ్రం చేయకపోతే ఇంకా సాగుతుంది. వాషర్‌లో నీళ్లు పిండే స్పిన్ వేగం 1400 ఆర్‌పీఎం (నిమిషానికి 1400 చుట్లు) ఉంటే బట్టల్లో తడి తగ్గి డ్రైయర్ పని తేలికవుతుంది, నేనైతే డబ్బు అక్కడ పెడతాను. ఫోన్ యాప్, వైఫై? బట్టలు లోపల వేయాల్సింది ఎలాగూ మనమే కదా! కొనేముందు సర్వీస్ సెంటర్ దగ్గర్లో ఉందో లేదో, విడిభాగాలు ఎన్నేళ్లు దొరుకుతాయో అడగండి.